ఇరవయ్యేళ్ళ నేల

బ్రష్షు పట్టుకున్న చేతివేళ్ళు ఎప్పుడు మొద్దుబారాయో రెగీనాకి తెలియలేదు. బకెట్టులో నీళ్ళు వేడిగానే తెచ్చుకుంది. కాని అక్టోబరు ఆఖర్లో మా ఊరి గాలికి వేడినీళ్ళ ఆయుష్షు పావుగంటే. మోకాళ్ళ కింద మడిచి వేసుకున్న గోనెపట్టా ఎప్పుడో తడిసిపోయింది. ఎవరో పెద్దాయన సమాధి. పేరు చెక్కిన అక్షరాల సందుల్లో నాచు పట్టింది. పాత పళ్ళబ్రష్షు పెట్టి ఒక్కొక్క అక్షరమే తోముతోంది. రాయి కడిగే మందు దుకాణంలో సీసా ముప్ఫై జ్లోటీలు. రెగీనా దాన్ని ఎప్పుడూ కొనలేదు. బట్టల సోడా, సబ్బుముక్కలు కలిపి తోమితే నాచు దానంతటదే వదులుతుంది. కాకపోతే దాంతోపాటు భుజం కూడా వదులుతుంది.

పొద్దున్న ఆరు నించి పది దాకా బడి వంటగదిలో నూటయాభై మంది పిల్లలకి బంగాళాదుంపలు చెక్కింది. అక్కడ ఆవిడది సగం ఉద్యోగం, సగం జీతం. అక్కణ్ణించి తిన్నగా సమాధుల తోటకి వచ్చింది. ఇవాళ్టికి ఇది మూడోది. ఏటా పండగ ముందు ఓ ఎనిమిది సమాధులు కడిగేది. ఈ ఏడు పదహారు ఒప్పుకుంది. పదిహేడోది రొగాలా వాళ్ళది, దాని లెక్క వేరు.

పని పూర్తయ్యాక రాయి మీద చామంతి కుండీ పెట్టి, రెండు గాజు దీపాలు వెలిగించి, ఫోనుతో ఫొటో తీసి పంపింది. ఈ పెద్దాయన కూతురు నార్వేలో చేపల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. వెంటనే జవాబొచ్చింది. దీపం కాస్త ఎడమకి జరపమంది, నాన్న పేరు కనబడటం లేదట. రెగీనా జరిపి మళ్ళీ తీసింది. పోయినేడు ఇదే మనిషి, సమాధి దగ్గర నిలబడి ప్రార్థన చెప్పి వీడియో పంపితే పది జ్లోటీలు ఎక్కువిస్తానంది. రెగీనా ప్రార్థన చెప్పింది, పదీ వెనక్కి పంపేసింది. ప్రార్థనకి కూడా రేటు కట్టడం మొదలుపెడితే దేవుడు రసీదు అడుగుతాడని ఆవిడ భయం.

సమాధుల పండుగ అంటే మా ఊళ్ళో ఆషామాషీ వ్యవహారం కాదు. నవంబరు ఒకటో తారీకున ఊరు ఊరంతా కొత్త కోట్లు తొడుక్కుని, చామంతి కుండీలు చంకన పెట్టుకుని ఇక్కడికే వస్తుంది. ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు కూడా ఆ ఒక్కరోజుకీ దిగుతారు. అందరూ తమవాళ్ళ సమాధి దగ్గర కాసేపు తలవంచుకుని నిలబడతారు. ఆ తర్వాత తల ఎత్తి పక్కవాళ్ళ సమాధి మీద దీపాలు లెక్కపెడతారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మావాళ్ళు ఆ కళ్ళకి నల్ల గ్రానైటు కూడా తొడుగుతారు. బతికుండగా తండ్రికి గుక్కెడు సూపు కాచి ఇవ్వని కొడుకు, ఆ రోజు అరవై దీపాలు వెలిగించి చుట్టూ చూస్తాడు. పదిహేను జ్లోటీల కుండీ ఆ వారం నలభైకి ఎక్కుతుంది. కొనకపోతే ఊరు నవ్వుతుంది, కొంటే ఆ నెల పొయ్యి నవ్వుతుంది. పేదవాళ్ళకి పండగంటే ఈ రెండు నవ్వుల మధ్య నడవడమే.

అందుకే మాలాంటి వాళ్ళు పండగకి ఖర్చు పెట్టడంతో పాటు పండగ మీద నాలుగు రాళ్ళు సంపాదించడం కూడా నేర్చుకున్నారు. గేటు బయట మురిక్కాలవ పక్కన ముక్కాలిపీట వేసుకుని కూచునే వీస్యా ముసలమ్మని చూడండి. డెబ్భై రెండేళ్ళు. పాల కేంద్రంలో డబ్బాలు మోసి మోసి రిటైరైంది. పండగ వెళ్ళిన మర్నాడే చెత్తకుప్పల్లోంచి ఆరిపోయిన గాజు దీపాలు ఏరుకొస్తుంది. ఏడాది పొడుగునా కడిగి, మిగిలిన మైనం కరిగించి, కొత్త వత్తులు వేసి, ఐదేసి జ్లోటీలకి అమ్ముతుంది. గేటు లోపల, ఈ తోటని నడిపే చర్చి ఆఫీసువాళ్ళ దుకాణంలో అలాంటిదే పధ్నాలుగు. లోపల ఇంకెవరూ అమ్మకూడదని రెండేళ్ళ కిందట ఆఫీసు జెనోన్ గారు బోర్డు పెట్టించారు. అప్పణ్ణించి ముసలమ్మ కాలవ అవతలికి జరిగింది.

నీళ్ళు పట్టుకోడానికి వచ్చిన రెగీనాని చూసి వీస్యా పలకరించింది.

"ఏమే రెగీనా, ఇవాళ ఎంతమంది వీపులు తోమావు?"

"ముగ్గురివి పిన్నీ. చీకటి పడేలోపు ఇంకోటి చూస్తే పదహారూ అయిపోతాయి."

"బతికున్నవాళ్ళ వీపు తోమితే హాయిగా ఉందనైనా మూలుగుతారు. వీళ్ళకి అదీ లేదు, మాట పలుకు లేని మనుషులు."

"మూలిగితే బకెట్టు ఇక్కడే పారేసి నేను పరిగెత్తాలి."

"రొగాలా వాళ్ళది ఎప్పుడు?"

"రేపు. ముందే కడిగితే ఆకులు రాలతాయట. పండగ ముందురోజు మధ్యాహ్నానికి మెరవాలంది అమ్మగారు."

"రెండొందల యాభై ఇస్తుందిగా మరి. ఒక్కో ఆకునీ పేరుపెట్టి పిలిచి ఏరు." ముసలమ్మ గొంతు తగ్గించింది. "నీ పిల్లదాని సంగతి ఏమైంది?"

"రేపు కట్టేస్తాను పిన్నీ. రొగాలా వాళ్ళ డబ్బు చేతికొస్తే సరిపోతుంది."

"కట్టెయ్. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. ఆ జెనోన్ మర్యాదస్తుడు. మర్యాదస్తుడితో మా చెడ్డ చిక్కు, తిట్టడానికి సందివ్వడు."

రెగీనాకి ఒకే ఒక పిల్ల. పేరు యుస్తిన్కా. ఆరేళ్ళప్పుడు జ్వరం వచ్చి మెదడుకి ఎక్కింది. మూడు రోజులు. ఇది జరిగి ఇరవయ్యేళ్ళయింది. రెగీనా దాని గురించి ఎవరితోనూ మాట్లాడదు. మాట్లాడితే ఏడుస్తుందని కాదు, మాట్లాడిన కొద్దీ అరిగిపోతుందేమోనని.

అప్పట్లో లిండెన్ చెట్ల కింద ఆ మూల ఎవరికీ అక్కర్లేని చోటు. రెగీనా మొగుడు వాల్దెక్ నడుం అప్పటికింకా గట్టిగానే ఉంది, పేరున్న తాపీమేస్త్రి. సిమెంటులో రంగు గులకరాళ్ళు కలిపి పిల్ల సమాధి తనే పోతపోశాడు. అంచులు గుండ్రంగా నున్నగా తీశాడు, ఎక్కడా కోసుకుపోకుండా. ఎవరికి కోసుకుపోతుందని ఎవరూ అడగలేదు. తర్వాత తర్వాత ఆ మూలకి గిరాకీ వచ్చింది. చెట్లు పెరిగాయి, దారికి రాళ్ళు పరిచారు. పక్కనే రొగాలా వాళ్ళ పెద్దాయన్ని పెట్టి, మూడు పలకల నల్ల గ్రానైటు నిలబెట్టారు. దాని పక్కన యుస్తిన్కా సమాధి, పెద్దవాళ్ళ బల్లకి ఆనించిన చిన్న పీటలా ఉంటుంది.

ఆగస్టులో దాని మీద పచ్చకాగితం అతికించారు. "హక్కుదారులు కార్యాలయాన్ని సంప్రదించగలరు" అని అందులో ఉంది. జప్తు నోటీసుకి మర్యాద భాష అది. ఊళ్ళో ప్రతివాడికీ దాని అర్థం తెలుసు. నేల అమ్మరు, ఇరవయ్యేళ్ళకి అద్దెకిస్తారు. గడువు తీరితే మళ్ళీ ఇరవయ్యేళ్ళకి కట్టాలి. రెగీనా ఆఫీసుకి వెళితే జెనోన్ గారు కుర్చీ చూపించి, కూచున్నాకే చెప్పారు. పన్నెండు వందలు, అక్టోబరు ముప్ఫై ఒకటి మధ్యాహ్నం రెండింటి లోపు, అదీ ఒకే మొత్తంగా. ఆ చోటు కోసం ఇంకొకరు దరఖాస్తు పెట్టుకున్నారట. వాళ్ళెవరో చెప్పడానికి నిబంధనలు ఒప్పుకోవట.

కట్టకపోతే పిల్లని బయటికేమీ తియ్యరు. ఇంకా లోతుకి దించి, పైన ఇంకొకళ్ళని పెడతారు. ఈ మాట కూడా జెనోన్ గారు చాలా మెత్తగానే చెప్పారు.

ఆ రోజు నించి రెగీనా పొదుపు చెయ్యని రోజు లేదు. బస్సు మానేసింది. వేసవి ఆఖర్లో అడవిలో పుట్టగొడుగులు ఏరి రోడ్డు పక్కన అమ్మింది, ఆ డబ్బు మందులకి పోయింది. ఇంక మిగిలింది పండగ పని ఒక్కటే. పదహారు సమాధులు, అరవై చొప్పున. దాని మీద రొగాలా వాళ్ళది రెండొందల యాభై. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది, మొత్తం పన్నెండు వందల పది.

ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి వంటింట్లో బొగ్గుపొయ్యి వెచ్చగా ఉంది. వాల్దెక్ నడుముకి పట్టీ కట్టుకుని, బల్ల నిండా ఫర్ చెట్టు కొమ్మలు పరుచుకుని దండలు చుడుతున్నాడు. పరంజా మీంచి పడ్డాక కూచుని చేసే పని తప్ప ఇంకోటి చెయ్యలేడు. ఇనపతీగెకి కొమ్మలు చుట్టి, మధ్యలో పైన్ కాయలు గుచ్చి, పండగ ముందు గేటు దగ్గర పదేసి జ్లోటీలకి అమ్ముతాడు. కొమ్మలు అడవిలో ఊరికే దొరుకుతాయి, తీగె పాత కంచెది. చేతులు మాత్రం కొమ్మల జిగురు పట్టి నల్లబడతాయి.

రెగీనా పుల్లటి సూపు వెచ్చబెట్టి ఇద్దరికీ పోసింది. పొయ్యికి వీపు ఆనించి కూచుంది. ఈ ఏడు బొగ్గు ముందే వచ్చింది. గనుల ఊళ్ళో ఉన్న వాల్దెక్ అన్న పంపించాడు, డబ్బు తర్వాతివ్వచ్చన్నాడు. ఆ అన్న మంచివాడే గాని ఇంత మంచివాడని రెగీనా ఎప్పుడూ అనుకోలేదు.

"రేపటితో అయిపోతుందయ్యా," అంది. "పది జ్లోటీలు మిగుల్తాయి కూడా. ఆ పదీ పెట్టి దానికి చాక్లెట్టు రంగు చామంతి కొందాం. తెల్లవి అందరూ పెడతారు."

వాల్దెక్ తీగె ఇంకో చుట్టు మెలిపెట్టి అన్నాడు.

"రెగీనా, ఒకవేళ ఆ చోటు మనకి దక్కకపోతే?"

"ఎందుకు దక్కదు?"

"మాటవరసకి."

"మాటవరసకి కూడా అనకు."

"మా అమ్మ సమాధి ఉందిగా, కంచె దగ్గర. అక్కడైతే నాయనమ్మ పక్కన…"

"మీ అమ్మ దాన్ని బతికుండగా ఒక్కరోజు ఎత్తుకుందా?" రెగీనా నవ్వింది. "తిను, చల్లారిపోతోంది."

అతను తిన్నాడు. తలెత్తకుండా తిన్నాడు. రెగీనాకి దగ్గు తెర వస్తే లేచి, పొయ్యిలో ఇంకో పార బొగ్గు వేశాడు. పాపం నడుం నొప్పి ఎక్కువైనట్టుంది అనుకుందావిడ.

మర్నాడు వంటగది పని ముగించుకుని పది దాటగానే రొగాలా వాళ్ళ సమాధి మొదలుపెట్టింది. నల్ల గ్రానైటుతో వచ్చిన చిక్కేమిటంటే, తడిస్తే అద్దంలా ఉంటుంది, ఆరితే ప్రతి మరకా సాక్ష్యం చెబుతుంది. అందుకే కడిగిన వెంటనే పొడిగుడ్డతో రుద్ది తుడవాలి. ఎడమ పలక అయింది. మధ్య పలక సగం అయింది. ఇత్తడి అక్షరాలు మెరుస్తున్నాయి. చెట్ల మీంచి ఆకు రాలినప్పుడల్లా వీస్యా మాట గుర్తొచ్చి నవ్వుకుంటూ ఏరి పారేస్తోంది.

పన్నెండు అవుతుండగా బూట్లకి తెల్లటి రాతిపొడి అంటిన మనిషి ఒకడు వచ్చాడు. రాళ్ళ దుకాణం వాడిలా ఉన్నాడు. చేతిలో కొలతల టేపు, చెవి మీద పెన్సిలు.

"అమ్మా, ఈ కొస కాస్త పట్టుకుంటావా? ఒక్కణ్ణే వచ్చాను, జారిపోతోంది," అన్నాడు.

రెగీనా చెయ్యి ఎప్రానుకి తుడుచుకుని టేపు కొస అందుకుంది. అతను వెనక్కి నడుస్తూ పోయాడు. గ్రానైటు అంచు దాటాడు. పచ్చకాగితం కనబడకుండా రెగీనా అడ్డం పెట్టిన కుండీని బూటుతో పక్కకి జరిపి, యుస్తిన్కా సమాధి అవతలి అంచు దాకా వెళ్ళి ఆగాడు.

"గట్టిగా పట్టుకో. రెండూ కలిపి మూడు మీటర్ల నలభై," అని పెన్సిలు తీశాడు.

"రెండూ ఏమిటి?" అంది రెగీనా.

అతను జవాబు చెప్పేలోపే దారి మలుపులో ఇర్మీనా రొగాలా కనబడింది. ఊళ్ళో టైల్సు దుకాణం ఆవిడదే. పొడుగాటి ఉన్ని కోటు, రెండు చేతుల్లోనూ రెండు కాగితపు కప్పులు. ఒక కప్పు రెగీనా కోసమే తెచ్చింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. అదే వచ్చిన తంటా.

"కాఫీ తాగు రెగీనా, వేడిగా ఉంది. చేతులు చూడు ఎలా ఎర్రబడ్డాయో. గ్లవ్స్ వేసుకోవచ్చుగా."

"ఈ కొలతలు ఏమిటమ్మగారూ?"

"మీ ఆయన వాల్దెమార్ చెప్పలేదూ?" ఇర్మీనా నిజంగానే ఆశ్చర్యపోయింది. "నాన్నగారి పక్కన అమ్మకీ మా ఇద్దరికీ చోటు కావాలి. నలుగురికీ సరిపడేలా కింద గది కట్టిస్తున్నాం. అటు చూస్తే దారి, వెనక గోడ. జరగడానికి ఉన్నది ఇటే."

ఇర్మీనా తొందరగా అందుకుంది.

"మీ పాపకి ఎవరూ అన్యాయం చెయ్యరమ్మా. మీ అత్తగారి సమాధిలోకి మారుద్దాం, చర్చి గురువుగారి చేత ప్రార్థన చెప్పించి పద్ధతిగా. ఖర్చంతా నాది. పైన తెల్ల పాలరాయి వేయిస్తాను, పాప ఫొటో పింగాణీ మీద. ఇది చూడు, సిమెంటు ఎలా పెచ్చులూడుతోందో. నీ చేతికి ఆరువేలు ఇస్తాను. సెప్టెంబర్లోనే వాల్దెమార్‌తో అన్నీ మాట్లాడాను. బొగ్గుకని వెయ్యి పట్టుకెళ్ళాడు కూడా. నువ్వు ఒప్పుకున్నావనే అన్నాడు. కదపాలంటే హక్కుదారు సంతకం కావాలి, కాగితం నీ పేరున ఉంది. ఆ ఒక్కటే మిగిలింది."

టేపు కొస ఇంకా తన చేతిలోనే ఉందని రెగీనాకి అప్పుడు తెలిసింది. తన పిల్ల మీదుగా లాగిన కొలతకి ఇంతసేపూ తనే గట్టిగా పట్టు ఇచ్చింది. వేళ్ళు విప్పింది. టేపు సర్రున వెనక్కి పోయి రాళ్ళ దుకాణం వాడి మణికట్టుకి తగిలింది. అతను ఏదో గొణిగాడు.

ఇరవయ్యేళ్ళ కిందట పెట్టె మీద మొదటి పిడికెడు మట్టి వేసినప్పుడు కూడా ఆవిడకి ఇంత చలి వెయ్యలేదు. రెండు నెలలుగా వెచ్చటి పొయ్యికి వీపు ఆనించి కూచుంది. ఏం కాలుస్తున్నారో తెలియకుండా కూచుంది. ఆరువేలంటే తక్కువా? నాలుగు నెలల జీతం. దంతాలు కట్టించుకోవచ్చు, వాల్దెక్ నడుముకి పట్నం డాక్టరుకి చూపించచ్చు. ఈ ఆలోచన రాలేదంటే అబద్ధం. వచ్చింది.

బకెట్టులోంచి బ్రష్షు తీసి, నీళ్ళు దులిపి, సంచిలో పెట్టుకుంది. పొడిగుడ్డ మడిచి పెట్టుకుంది.

"ఎక్కడికి? ఇంకా సగం ఉంది," అంది ఇర్మీనా.

"నేను కడగనమ్మగారూ."

"ఏమిటీ?"

"మిగతా సగం. నేను కడగను. పిల్లని కదపనివ్వను. ఆ వెయ్యీ ఇచ్చేస్తాను, ఎప్పటికిస్తానో ఇప్పుడు చెప్పలేను."

రెగీనా ఆవిడకి ఎదురు చెప్పడం, ఈ సమాధి కడుగుతున్న పదమూడేళ్ళలో ఇదే మొదలు.

ఇర్మీనా మెరిసే ఎడమ పలకని, ఆకులు అంటుకున్న కుడి పలకని మార్చి మార్చి చూసింది. "రేపు ఊరంతా వస్తుంది రెగీనా. ఇలా సగం సగం… ఇంకో వంద ఇస్తాను, ముందు ఇది కానియ్. అది తర్వాత మాట్లాడుకుందాం."

"చేసిన సగానికీ ఇవ్వక్కర్లేదు."

"కోపంలో అంటున్నావు. రెండింటికి ఆఫీసు మూసేస్తారు. నీ దగ్గర పన్నెండు వందలు ఉన్నాయా?" ఆవిడ ఈ మాట నెమ్మదిగానే అడిగింది. వెక్కిరింత లేదు, లెక్క మాత్రమే ఉంది.

రెగీనా కాఫీ కప్పు ముట్టుకోకుండా గ్రానైటు అంచు మీదే వదిలేసి నడిచింది.

గేటు బయట వాల్దెక్ చెక్కబండి మీద దండలు పేర్చుకుని, వీస్యా పక్కన నిలబడి ఉన్నాడు. ఆవిడ నడక చూసే అతనికి అర్థమైంది. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, చావింటికి వచ్చినవాడిలా.

"ఆవిడ రాయి సగంలో వదిలేసి వచ్చాను. నన్ను అడగొద్దా?" అంది రెగీనా.

"అడిగితే వద్దంటావు."

"అంటాను. అందుకేగా అడగాలి."

"పోయిన శీతాకాలం నువ్వు దగ్గుతుంటే…" అతను ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. "గోడ మీద మంచు పేరుకుంది రెగీనా, లోపలి గోడ మీద. నేను తాపీమేస్త్రిని, నా ఇంటి గోడకే ఏమీ చెయ్యలేకపోయాను. నువ్వు కూడా పోతే నేనేం చెయ్యను? దానికి చలి వెయ్యదు, మనకి వేస్తుంది అనుకున్నాను."

"ఆ రాయి నువ్వు పోశావు."

"నేనే పోశాను."

"అంచులు గుండ్రంగా తీశావు."

వాల్దెక్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. అతని మీద అరవాలని రెగీనాకి ఉంది. కాని కోపం ఎంత వెతికినా అతని మీద ఆగడం లేదు, జారి ఇంకెక్కడికో పోతోంది. ఎక్కడికో ఆవిడకి తెలియదు. వెయ్యి జ్లోటీల బొగ్గుకి తండ్రి చేత పిల్లని బేరం పెట్టించినవాళ్ళు ఒక్క ఇర్మీనానేనా? చచ్చినవాళ్ళకి కూడా అద్దె పెట్టిందెవరు? అద్దె కట్టలేనివాళ్ళని సిగ్గుపడమని నేర్పిందెవరు? ఇవన్నీ ఆవిడ అనుకోలేదు. మూడు నెలలుగా ఆ పచ్చకాగితానికి పూలకుండీ అడ్డం పెట్టింది తనే కదా అనుకుంది, అంతే.

"ఎంత అమ్మావు?" అని అడిగింది.

వాల్దెక్ జేబులోంచి తీసి ఇచ్చాడు. నూటపది. వీస్యా ముసలమ్మ కూడా కోటు జేబులో చెయ్యి పెట్టింది గాని, రెగీనా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "నీ వత్తుల డబ్బు నాకొద్దు పిన్నీ. నీకు మందులున్నాయి."

"అది కాదే," అంది ముసలమ్మ. "ఆవిడ నన్ను పిలుస్తుంది చూడు ఇప్పుడు, ఆ మిగతా సగం కడగమని. నా మోకాళ్ళు ఇవాళ వంగవని చెబుతాను. నిన్న బాగానే వంగాయి."

ఆఫీసు కిటికీ దగ్గర పదిమంది వరసలో ఉన్నారు. దీపాలు కొనేవాళ్ళు, చోటు నంబరు మర్చిపోయి అడిగేవాళ్ళు. రెగీనా వంతు వచ్చేసరికి రెండింటికి పది నిమిషాలు ఉంది. కిటికీకి పైనించి కిందికి దించే చెక్కతలుపు ఉంటుంది. దాని వెనక జెనోన్ గారు కళ్ళజోడు సర్దుకుని, "రండి రెగీనా గారూ," అన్నారు.

ఆవిడ డబ్బు పెట్టింది. ఆయన లెక్కపెట్టారు, ఒకసారి కాదు రెండుసార్లు.

"వెయ్యిన్ని డెబ్భై. నూటముప్ఫై తక్కువయింది."

"పదో తారీకున జీతం వస్తుంది. ఆ రోజే తెచ్చిస్తాను."

"నేనైతే కాదనను. నిబంధన ఒప్పుకోదు." ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి, పెన్ను దాని మీద పెట్టి ముందుకి జరిపారు. "మీకెందుకీ శ్రమ చెప్పండి. రొగాలా గారు చర్చి కప్పుకి రాగిరేకులు కూడా వేయిస్తామన్నారు. అందరికీ మంచిదే. ఇక్కడొక సంతకం పెట్టండి, ఈ డబ్బూ మీకే మిగులుతుంది."

"పెట్టను."

"అయితే పండగయ్యాక చోటు వేరేవాళ్ళకి రాయాల్సి వస్తుంది. అప్పుడు మీ సంతకంతో పని కూడా ఉండదు. ఆలోచించుకోండి."

"ఆలోచించాను. ఉన్నదానికి రసీదు రాయండి."

"పూర్తి మొత్తానికే రసీదండీ. డబ్బు తీసుకోండి."

"తియ్యను."

జెనోన్ గారు నోట్లని రెండు వేళ్ళతో ఆవిడ వైపు నెట్టారు. రెగీనా వాటిని ముట్టుకోలేదు. వెనకనించి ఎవరో, "అమ్మా, కాస్త కదులుతావా, మా దీపాలు కూడా…" అన్నారు. ఇంకెవరో ఆ గొంతుని ఊరుకోమన్నారు.

చర్చి గడియారం రెండు కొట్టింది. జెనోన్ గారు లేచి, చెక్కతలుపు పిడి అందుకుని, "మూయాలి రెగీనా గారూ, నన్ను ఇబ్బంది పెట్టకండి," అన్నారు. మర్యాదగానే అన్నారు.

రెగీనా కుడిచెయ్యి చాచి కిటికీ గట్టు మీద, తలుపు వచ్చి ఆనే చోట, వేళ్ళు విప్పి పెట్టింది. చన్నీళ్ళకి ఉబ్బి, పగిలి, ఎర్రబడిన చెయ్యి. ఆయన తలుపు సగం దాకా దించి ఆపారు. ఆవిడ చెయ్యి తియ్యలేదు.